గేర్‌బాక్స్ రెండోసారి తెరిచిన రోజు

మా చెల్లె బిడ్డ నేవీల ఇంజన్ల పనికి సెలెక్ట్ అయింది. మానుకోటల ఉంటరు వాళ్లు. పోయిన నెల వచ్చి మంచం మీద నా పక్కన కూసొని, సముద్రం ఎట్లుంటది మామా అని అడిగింది. నాకేం ఎరుక బిడ్డా అన్న. మజాక్ చేస్తున్న అనుకొని నవ్వింది. మజాక్ కాదు. ఇరవై రెండేండ్లు నీళ్ల మీద ఉన్న గాని, నేను సముద్రాన్ని సూసింది తక్కువ. ఇంజన్‌రూమ్ షిప్ అడుగున ఉంటది, దానికి కిటికీ ఉండదు.

నోటితోని చెప్తే ఈ చెవుల విని ఆ చెవుల ఇడిచిపెడుతదని రాస్తున్న. ప్రమోషన్ ఎన్నేండ్లకు వస్తది, ఏ పరీక్ష ఎట్ల రాయాలె అన్నది ఇందుల లేదు. గవన్ని ఫోన్ల దొరుకుతయి. ఫోన్ల దొరకనిది ఒక్కటే ఉంది నా కాడ, అది చెప్పే ముందు రెండు ముచ్చట్లు చెప్పాలె.

కిటికీ లేని కొలువు

ఇంజన్‌రూమ్‌ల పగలు లేదు, రాత్రి లేదు. నాలుగు గంటలు వాచ్, అంటే డ్యూటీ. ఎనిమిది గంటలు బయట, మల్ల నాలుగు గంటలు. రెండు వారాలు అట్ల పోయినంక అది ఏ వారమో సోయి ఉండదు. చెవులకు కప్పులు పెట్టుకొని, చెమట తుడుసుకుంట, మీటర్లు సూసుకుంట తిరుగుతుంటం. చెవులు మూసినా చప్పుడు ఆగదు. అరికాళ్లకెల్లి ఎక్కుతది, పండ్లదాక వస్తది. కొన్నాళ్లకు అది వినపడుడే బంద్ అయితది. ఇగ అది మారినప్పుడే వినపడతది.

పని లేని జరసేపు షిప్ గోడకు భుజం ఆనిచ్చి నిలబడేటోన్ని. అవతల నీళ్లు. నా నెత్తి కంటె ఎంతో పైదాక ఉంటయి ఆ నీళ్లు. గోడ సల్లగ ఉంటది, ఇవతల నేను చెమటకు తడిసి ఉంట. అట్ల నిలబడితె బయ్యారం గుట్టల కాడ మా తండ కనపడేది. ఎర్రమట్టి బాట, ఆ బాట మీద నెత్తిన కట్టెల మోపుతోని వచ్చే యాడి. మా లంబాడోళ్ల ఇండ్లల్ల అమ్మను యాడి అంటం. ఆమె నడుసుకుంట వస్తనే ఉండేది, ఎన్నడు నా దాక రాకపోయేది. అది కల గాదు, మెలకువ గాదు. మీటర్ సూసి మల్ల గోడకు ఆనితె మల్ల అదే బాట మీద ఉండేది.

ఇప్పుడు తండకు వచ్చినంక ఉల్టా అయింది. పగటిపూట పొలం కాడ బోరు మోటర్ నడుస్తుంటె మంచంల ఒరిగిన అంటె సాలు, కింద నేల మెల్లగ ఊగుతది. గాలికి వరి కదిలిన చప్పుడు షిప్ పక్కకెల్లి పోయే నీళ్ల చప్పుడే. మా ఇంటామె వచ్చి, ఎక్కడికి పోయినవ్ అని అడుగుతది. గీడనే ఉన్న అంట. ఆమె నమ్మదు.

ఈ పని అందరికి సరిపడదు. ఆరు నెలలకే, నన్ను పైకి పంపుండ్రి, ఆఫీస్ పని ఇయ్యుండ్రి అని మొక్కినోళ్లను సూసిన. అండ్ల తప్పేం లేదు. చప్పుడుల నిమ్మలంగ ఉండగలిగెటోళ్లే అడుగుకు పోవాలె.

నోరు మూసుకున్న రెండేండ్లు

నా మొదటి షిప్‌ల తెలుగోళ్లు మస్తుమంది. అందరు సముద్రం పక్క జిల్లాలోళ్లే. నేను నోరు తెరిస్తె సినిమాల జోకర్ మాట్లాడినట్టు నా మాటను మల్ల పలికి నవ్వేటోళ్లు. ఇంట్ల నా భాష వేరే, బడిల నేర్చిన తెలుగు వేరే, ఇగ వీళ్లది మూడోది. రాజస్థాన్ వంటాయన ఒకడే, నేను ఫోన్ల యాడితోని మాట్లాడేది విని, అరే నువ్వు మా దిక్కోనివే గదా అని పక్కన కూసోపెట్టుకున్నడు. మా మాటకు వాళ్ల మాటకు సుట్టరికం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

వాళ్ల నవ్వులకు పనితోని జవాబు చెప్పిన అని గొప్పలు చెప్ప. రెండేండ్లు కుక్కిన పేను లెక్క ఉన్న, అంతే. అదే నా మొదటి తప్పు. ఒకపారి పంపు బేరింగ్ చప్పుడు మారింది. నాకు తెలిసింది. చెప్తె మల్ల నవ్వుతరని ఊకున్న. మర్నాడు ఆ పంపు పట్టేసింది. ఎవ్వరికి దెబ్బ తాకలే గాని, నాకైతె నేనే చేతులార కరాబ్ చేసినట్టు అనిపించింది.

ఆ షిప్‌ల ఒక ఆఫీసర్ ఉండె. అరిచేటోడు, చేతిల ఏముంటె అది విసిరేటోడు. ఆయన ఉన్నన్నాళ్లు కాగితాల మీద ఒక్క లోపం లేదు. చెప్పెటోడు ఉంటె గద లోపం ఉండనీకె. ఇసొంటి సార్ నీకు సుత దొరుకుతడు బిడ్డా, తప్పించుకోలేవు. ఆయన అరుపు అయిపోయేదాక నిలబడు, తర్వాత చెప్పాల్సింది చెప్పు.

జేబులు లేని అంగీ

ఇగ అసలు ముచ్చట. అప్పటికి నాది మూడో షిప్. అక్కడ నా పైన, మా సెయిలర్లకు పెద్ద, సావంత్ చీఫ్ ఉండె. అది ఆయన అసలు పేరు కాదు. నా కథ ఎవరికన్న చెప్పాల్నంటె చెప్పు గాని పేరు మార్చు అని ఆయనే అన్నడు. కొంకణం దిక్కు చేపలోళ్ల ఊరు ఆయనది. సన్నగ, నల్లగ ఉండేటోడు, ఎక్కువ మాట్లాడకపోయేటోడు. ముప్పై ఏండ్ల కొలువు అయిపోవచ్చింది. మేం అప్పుడు పోవాల్సిన ప్రయాణమే ఆయనకు ఆఖరిది. అది ముగిసినంక కెప్టెన్ సంతకంతోని ఒక మెచ్చుకోలు ఉత్తరం ఇస్తరని, ఆయన ఊర్ల ఇంటి గోడకు దానికి జాగ కూడ సూసి పెట్టిండ్రని అందరికి తెలుసు. ముప్పై ఏండ్లల్ల ఆయన పేరు మీద ఒక్క తప్పు లేదు.

ట్రాక్టర్‌కు గేర్‌బాక్స్ ఉంటది గద, షిప్‌కు సుత ఉంటది. గాకపోతె చిన్న గది అంత ఉంటది. ఇంజన్ తిరిగే జోరును తగ్గిచ్చి నీళ్లల్ల ఉన్న రెక్కలకు అందిచ్చేది అదే. దాని పండ్ల నడుమ చిన్న రవ్వ పడ్డా ఒక పన్ను ఇరుగుతది. ఇరిగిన ముక్క ఇంకో పన్నును ఇరుస్తది. సముద్రం నడుమ అది అయ్యిందంటె షిప్ ఉత్త ఇనుప డబ్బా.

అందుకే గేర్‌బాక్స్‌కు తాళం ఉంటది. తాళంచెవి ఇంజనీర్ ఆఫీసర్ దగ్గర ఉంటది. తెరిచేదినం సుట్టు గుడ్డతోని గుడారం కడతరు, దుమ్ము రాకుంట. లోపలికి వంగెటోడు జేబులు, గుండీలు లేని తెల్ల అంగీ తొడుక్కోవాలె. గడియారం, ఉంగరం, గొలుసు అన్ని తీసి ఇయ్యాలె. చేతిల పట్టే ప్రతి సామాన్‌కు దారం కట్టి ఆ దారం మణికట్టుకు కట్టుకోవాలె. మూతి కాడ ఒక పెద్దమనిషి రిజిస్టర్ పట్టుకొని కూసుంటడు. లోపలికి పోయినయి ఎన్ని, బయటికి వచ్చినయి ఎన్ని అని రాస్తడు. లెక్క కలిస్తెనే మూత పడతది. ఆ రోజు రిజిస్టర్ సావంత్ చీఫ్ చేతిల ఉంది.

పొద్దుగాల తెరిచినం. నడుము దాక లోపలికి వంగి చేతి దీపంతోని ఒక్కొక్క పన్ను సూసిన. గా లోపలి అందం ఎట్ల చెప్పాలె. పసుపుపచ్చ నూనె అన్నిటి మీద సన్నగ పట్టి ఉంటది. దీపం కదిలిస్తె వెలుగు పన్ను మీదికెల్లి పన్ను మీదికి పాకుకుంట పోతది. అద్దం ముక్క పెట్టి అవతలి దిక్కు సూస్తె నా మొఖమే నూనెల తేలుతున్నట్టు కనపడ్డది. బయట ఎవరన్న మాట్లాడితె ఎక్కడో దూరంగ వినపడతది. నాకైతె గంటసేపు పది నిమిషాల లెక్క గడిచింది. బయటికి వచ్చిన, లెక్క కలిసింది, మూత పడ్డది, చీఫ్ సంతకం చేసిండు. సాయంత్రం నాలుగింటికి షిప్ బయలెల్లాలె.

మొలతాడు

స్నానానికి పోయిన. ఒంటి మీద నీళ్లు పోసుకుంట నడుముకు చెయ్యి తగిలితె మొలతాడు వదులుగ అనిపించింది. దాని మీద యాడి కట్టిన రాగి తాయెత్తు ఉండాలె. లేదు. అది కట్టిన కాడ దారం పీసులు పీసులుగ ఉంది.

మొలతాడును నడుము సుట్టు తిప్పి తడిమిన.

మీలెక్క చదువుకున్నోళ్లు అడుగుతరు, అన్ని తీసి ఇచ్చినవ్ గద, ఇదెట్ల మరిచినవ్ అని. మరుసుడు కాదు. ఉంగరం పెట్టుకుంటం, గడియారం కట్టుకుంటం. మొలతాడు కట్టుకున్నం అన్న సోయి ఎవనికి ఉంటది? పుట్టినంక కడతరు, పాడె మీద తెంపుతరు. నడుమ దాన్ని సామాన్ అనుకునేటోడు మన దిక్కు ఉండడు. నీ ఒంటి మీద ఏమేం ఉన్నయ్ అంటె నా వేళ్లు ఎట్ల చెప్పనో అది సుత అట్లనే చెప్పలే. ఆ గేర్‌బాక్స్ మూతి అంచు సరిగ్గ నా నడుముకాడ ఒరుసుకుంట ఉండె.

స్నానపు గది అంత వెతికిన. తూము జాలి ఊడదీసి సూసిన. పక్క దులిపిన, ఇడిసిన బట్టలు తిప్పి తిప్పి సూసిన. ఎక్కడా లేదు. నిన్న ఉండెనా, మొన్న ఉండెనా అని యాది చేసుకుంటె ఏం తెలుస్తలేదు. రోజూ ఉండేదాన్ని ఎవడు సూస్తడు? దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. చెప్తె షిప్ ఆగుతది. చీఫ్ ముప్పై ఏండ్ల పేరు ఆఖరి ప్రయాణంల పోతది. చెప్పకపోతె, అది లోపల ఉంటె, మూడు వందల మందిమి సముద్రం నడుమ. లోపల లేకపోతె, అంత ఉత్తదే. లోపల లేదు అని నాకు నేను చెప్పుకున్న. శానసేపు చెప్పుకున్న.

ఆఖరికి పంపు యాదికి వచ్చింది. చీఫ్ కాడికి పోయిన.

చెప్పిన. నేను మొలతాడు సూపిచ్చేసరికి ఆయన తన అంగీ జరంత పైకి ఎత్తిండు. ఆయన నడుముకు సుత వెండి మొలతాడు ఉంది. మా దిక్కు దీన్ని కర్దోడా అంటరు అన్నడు. ముప్పై ఏండ్ల సంది గేర్‌బాక్స్‌లకు వంగెటోడు, ఇప్పుడు లెక్క రాసెటోడు, తన నడుముది తానే రాయలే. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం సూసుకున్నం. ఆయన అంగీ సదురుకొని, టోపీ పెట్టుకొని, నువ్వు నా ఎనక రా అన్నడు.

ఇంజనీర్ ఆఫీసర్ మేనన్ సార్ గదిల చీఫ్ నిలబడి, సార్, నా లెక్క తప్పు అన్నడు. ఈ పిలగాని తప్పు అనలే. నా లెక్క తప్పు అన్నడు. నేను ఎనక నిలబడి వింటున్న. నా కండ్లల్ల నీళ్లు వచ్చినయ్.

మేనన్ సార్ అంత విన్నడు. అది ఎంతుంటది అని అడిగిండు. చింతగింజంత అన్న.

"లోపల పడ్డదని నీకు గట్టిగ తెలుసా?"

"తెల్వదు సార్."

"పడలేదని గట్టిగ తెలుసా?"

"తెల్వదు సార్."

తాళంచెవి తీసి బల్ల మీద పెట్టిండు. కెప్టెన్‌కు ఫోన్ చెయ్యనీకె అటు తిరిగిండు. నేను చేసిన ఇరవై రెండేండ్లల్ల ఆయన కంటె మంచి ఆఫీసర్‌ను సూడలే. ఆ రోజు ఆయన నన్ను తిట్టిండు, కాదనను. మూత తెరిపిచ్చినంకనే తిట్టిండు.

వెతుకులాట

మామూలుగ ఇనుప ముక్క పడితె అయస్కాంతం ఏస్తం. రాగిని అయస్కాంతం పట్టదు. కండ్లు, వేళ్లు, అంతే. నూనె మొత్తం దింపి పల్చటి గుడ్డల వడగట్టినం, పిల్లలకు కషాయం వడగట్టినట్టు. గేర్‌ను చేతితోని జరంత జరంత తిప్పుకుంట, పన్ను పన్ను అద్దం పెట్టి సూసినం. వంగింది నేను కాదు, చీఫే వంగిండు. మొలతాడు తీసి రిజిస్టర్‌ల మొదటి వరుసల రాసి పక్కకు పెట్టి మరీ వంగిండు. మా యాడి సూస్తె నెత్తి నోరు కొట్టుకునేది, నిండు మనిషి మొలతాడు తీసుడు ఏందని.

నాలుగైంది. షిప్ కదలలే. పైన ఇంటోళ్లకు ఫోన్లు చేసి పోయొస్తం అని చెప్పి ఏడిసినోళ్లు మల్ల ఫోన్లు చేసి, ఇంకా ఇక్కడనే ఉన్నం అని చెప్పుకున్నరు. ఎందుకు ఆగింది అంటె ఒకని తాయెత్తు పోయిందట అని షిప్ అంత పాకింది. పొద్దుగూకినదాక వెతికినం.

దొరకలే.

మల్ల మూసినం. చీఫ్ సంతకం చేసి, కింద నన్ను కూడ చెయ్యమన్నడు. మర్నాడు పొద్దున షిప్ బయలెల్లింది. ఆ తాయెత్తు ఎక్కడ పోయిందో ఇయ్యాల్టిదాక తెల్వదు. ఏ కాలువల పోయిందో, ఏ రేవుల నిరుడే పడిపోయిందో. గేర్‌బాక్స్ మాత్రం మంచిగ నడిసింది. షిప్ లేటైన కారణం కాగితాల మీదికి ఎక్కింది. దాని కింద చీఫ్ పేరుంది. కెప్టెన్ ఉత్తరం రాదని ఆ పొద్దే తెలిసిపోయింది.

మెస్‌కు పోతె ఒకడు అన్నం ముందర నడుము పట్టుకొని దేవులాడినట్టు చేసిండు. అందరు నవ్విండ్రు. నేను లేసి వచ్చిన. మర్నాడు సుత పోలే. నవ్వులకు కాదు, చీఫ్ అక్కడ కూసుంటడు, ఆయన ముంగట కూసొని ఎట్ల తినాలె? లేని దానికోసం ఆయన ముప్పై ఏండ్ల పేరు తీసిన.

పైన

మూడోనాడు పగటి వాచ్ దిగినంక చీఫ్ నా భుజం తట్టి, పైకి రా అన్నడు. ఇద్దరం షిప్ ఎనక భాగానికి పోయినం. బయట ఎండకు కండ్లు మూతపడ్డయ్. తెరిచి సూస్తె నీళ్లు, నీళ్లు, ఇగ ఏం లేదు. మేం వచ్చిన బాట తెల్లగ నురుగుతోని ఎనకకు సాగి, శాన దూరం పోయినంక నీళ్లల్ల కలిసిపోతుంది. షిప్ నడుస్తుందో నీళ్లే పోతున్నయో తెలుస్తలేదు. గంత ఎలుతురుల చప్పుడు లేకుంట నిలబడితె నేను నిజంగ ఉన్ననా అనిపించింది.

మేం మాట్లాడుకున్నది హిందీల. ఇక్కడ మన మాటల రాస్తున్న.

మాఫ్ చెయ్యి సాబ్ అన్న. లోపల అది లేనే లేదు, ఉత్తగనే నీ ఆఖరి ప్రయాణం కరాబ్ చేసిన అన్న.

ఆయన తన పాత ముచ్చట ఒకటి చెప్పిండు. తన మొదటి షిప్‌ల, ఇట్లనే గేర్‌బాక్స్ సూసి బయటికి వచ్చిండట. సాయంత్రం సూసుకుంటె తన టార్చ్‌కు ఉండే ఇనుప క్లిప్ లేదట. గోరంత క్లిప్. అప్పుడు లెక్క రాసేది ఒక ముసలాయన. ఆయన తెల్లారితె రిటైర్. ఎందుకు ఆయన్ని పరేషాన్ చేసుడు, లోపల పడి ఉండదు అని ఊకున్నడట.

"మరి ఏమైంది సాబ్?"

"ఏం గాలే. ఆ షిప్ అటెన్క ఇరవై ఐదేండ్లు నడిసింది."

"మంచిదే గద సాబ్, ఏం గాలే గద."

"షిప్‌కు ఏం గాలే" అన్నడు. "నేను అక్కడికెల్లి బదిలీ అయి వేరే షిప్‌లకు పోయిన. పెండ్లి అయింది, పిల్లలు అయిండ్రు. ఎక్కడున్నా ఒక్కటే అడిగేటోన్ని, ఆ షిప్ ఇయ్యాల రేవుల ఉందా, సముద్రంల ఉందా అని. సముద్రంల ఉందంటె ఆ పూట అన్నం లోపలికి పోకపోయేది. ఇరవై ఐదేండ్లు. నా కడుపుల రోగం ఉందని నా పెండ్లాం నన్ను ఎన్ని దవాఖానలకు తిప్పిందో. నిరుడు ఆ షిప్‌ను పాతదైందని ముక్కలు చేసిండ్రని తెలిసింది. గా రోజు సంబురపడ్డ. తన షిప్ ముక్కలైందని సంబురపడ్డ నేవీవాన్ని ఎన్నడన్న సూసినవా? సూడు, నీ ముంగట నిలబడ్డడు."

నాకు ఉత్తరం, గోడ మీద జాగ, అన్ని యాదికి వచ్చినయ్. ఆయన మొఖంల వాటి గురించి బాధ ఉందేమో అని సూసిన. ఎండకు కండ్లు చిట్లిచ్చి నిలబడ్డడు, అంతే.

"రెండు రోజుల సంది మెస్‌కు వస్తలేవట" అన్నడు. "నీకేమైంది? నువ్వు చెప్పినవ్. పోయి తిను."

పోయిన. రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్న.